నన్ను క్షమించిన పెద్దనాయన

మనిషి ఎదురుపడగానే బాగున్నావా అని అడగడం ఆయనకు అలవాటు లేదు. "ఎన్ని కిలోలుండావు?" అనేవాడు. పెళ్ళికూతుర్ని అడిగాడు, పాస్టరుగారిని అడిగాడు, ఓట్లు అడగడానికి వచ్చిన పెద్దమనిషిని కూడా అడిగాడు. చెప్పకపోతే తనే ఒకసారి కిందినుంచి పైదాకా చూసి ఒక అంకె చెప్పేవాడు. అది దాదాపు సరిపోయేది. పసిబిడ్డను చేతికిస్తే ముద్దు పెట్టుకోకముందే రెండు చేతుల మీద తూచి, "మూడుంపావు. మంచి సరుకు" అనేవాడు. వేరే మగవాడు ఎవడైనా బరువు అడిగితే మా ఊరి ఆడవాళ్ళు చీపురు తీసేవాళ్ళు. ఆయన అడిగితే మాత్రం నవ్వి ఊరుకునేవాళ్ళు. విమానాలు బాగుచేసిన మనిషి, బరువులు చూడటం ఆయన పని అని అందరికీ తెలుసు.

ఆయన పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను అర్ధవీడు దగ్గర ఒక మిద్దె మీద సోలార్ ప్యానెల్ బిగిస్తున్నాను. ఫోను చేసింది మా నాయన.

"విమానమాయన పోయినాడు పాపా. రాత్రి నిద్దర్లోనే పోయినాడంట. రేపు పొద్దున భూస్థాపన. వస్తావా?"

"చూస్తాలే నాయనా" అన్నాను.

ఫోను జేబులో పెట్టుకుని మిగిలిన బోల్టులు బిగించాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. చచ్చిపోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదని అందరూ చెబుతారు. ఎలా పెట్టుకోకుండా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు.

పెద్దనాయనా అని పిలిచేదాన్నే కానీ ఆయన మాకు చుట్టం కాదు. ఒకే ఊరు, ఒకే గుడి, అంటే మా చర్చి. మార్కాపురం నుంచి ఆటోలో పోయే దూరంలో ఉంటుంది మా ఊరు. ఊళ్ళో మా వాళ్ళందరూ అయితే పొలం కూలికి పోతారు, లేకపోతే పలకల ఫ్యాక్టరీకి పోతారు. ఆయన ఒక్కడే చిన్న వయసులో రైలెక్కి ఉత్తరదేశం పోయి, ఎక్కడో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో ఊడ్చే పనికి కుదిరి, చివరికి ఇంజను మెకానిక్ అయ్యాడు. నేను ఐటీఐలో చేరిన ఏడాది పని మానుకుని భార్యతో సహా తిరిగొచ్చాడు. వెనకాల లారీలో విమానం వచ్చింది. రెక్కలు విప్పి, పరుపుల్లో చుట్టి, తాళ్ళతో కట్టిన విమానం. క్లబ్బువాళ్ళు పాతదని పక్కన పడేస్తే ఈయన తెచ్చుకున్నాడు. ఇద్దరు కూర్చునేది. అల్యూమినియం గొట్టాలు, వాటి మీద బిగించి కుట్టిన గుడ్డ, ముందర ఒక చిన్న ఇంజను. దింపడానికి సాయంపట్టిన ఊరి మగవాళ్ళు దాన్ని చూసి మొహాలు వేలాడేశారు. వాళ్ళు ఇనుప విమానం అనుకున్నారు.

"ఏందిది, గొడుగుగుడ్డ మాదిరి ఉండాది" అన్నాడు మా నాయన.

"గొడుగు కూడా గాలికి లేస్తాది గదా తమ్ముడా. ఇది చెప్పినట్టు లేస్తాది. అంతే తేడా" అన్నాడు ఆయన.

ఆయన దేన్నైనా ఎక్కే ముందు చుట్టూ తిరిగేవాడు. విమానం సంగతి సరే, అది పద్ధతి. ఆయన ఆర్టీసీ బస్సు చుట్టూ కూడా తిరిగేవాడు. మార్కాపురం బస్టాండులో కుంట అనే ఊరికి పోయే బస్సు బయలుదేరబోతుంటే, టైర్లు ఒక్కొక్కటే కాలితో తట్టి, కింద నూనె కారుతుందేమో వంగి చూసి, అద్దం తుడిచి, అప్పుడు మెట్టెక్కేవాడు. కండక్టర్లు మొదట్లో అరిచేవాళ్ళు. తర్వాత వాళ్ళే, "ఉండండయ్యా, పెద్దాయన ఇంకా సర్టిఫికెట్ ఇయ్యలా" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆటో ఎక్కినా అంతే. పెళ్ళిభోజనానికి కూర్చుంటే కుర్చీ కాళ్ళు నాలుగూ ఊపి చూసుకునేవాడు. "కింద సరిచూసుకున్నోడే పైన బతుకుతాడు" అనేది ఆయన మాట. గుళ్ళో పిల్లలకు పాఠం చెప్పమంటే కూడా అదే చెప్పాడు. పిల్లలకు దేవుడి సంగతి ఎంత అర్థమైందో కానీ, ఆ వారమంతా సైకిళ్ళ చుట్టూ తిరిగి టైర్లు తట్టారు.

ఊరి బయట రోడ్డు పక్కన మూతపడిన పలకల ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాని రేకుల షెడ్డులో విమానం పెట్టుకున్నాడు. షెడ్డుకు కరెంటు ఎప్పుడో పీకేశారు. అక్కడే నా అవసరం పడింది. అప్పటికి నేను ఐటీఐ ముగించి, మార్కాపురంలో ఒక సోలార్ దుకాణంలో కొన్నాళ్ళు పనిచేసి, సొంతంగా పనులు పట్టుకోవడం మొదలుపెట్టాను. ఆడపిల్ల నిచ్చెనెక్కి రేకుల మీద నడవడం చూసి జనం కింద గుమికూడేవాళ్ళు. పని ఇచ్చేవాళ్ళు తక్కువ, సలహాలిచ్చేవాళ్ళు ఎక్కువ. నా పేరు మీద నమ్మకం ఒక్కొక్క ఇంటితో పెరుగుతోంది. గుడి మీద ప్యానెళ్ళు నేనే పెట్టాను. ఇంకో రెండు ఊళ్ళ గుళ్ళు అడుగుతున్నాయి. ఊరి బడివాళ్ళు కూడా రమ్మన్నారు. నాకు ఉన్న ఆస్తి ఆ పేరే.

ఒకరోజు ఆరాధన అయిపోయాక గుడి ముందర ఆయన నన్ను ఆపాడు.

"ఎన్ని కిలోలుండావు?"

"ఏమో పెద్దనాయనా, చూసుకోలా."

"యాబై రెండు. నీ పనిముట్ల సంచి ఇంకో ఆరు. పాపా, నా విమానానికి కరెంటు పెట్టాల."

ఇంజను స్టార్టు కావాలంటే బ్యాటరీ కావాలి. పాత సీసం బ్యాటరీ బండరాయంత బరువని ఆయన దాన్ని తీసిపారేసి లిథియం బ్యాటరీ తెప్పించుకున్నాడు. దాన్ని నా అరచేతిలో పెట్టి, "చూడు, టిఫిను డబ్బా మాదిరి లేదూ?" అని మురిసిపోయాడు. తగ్గిన బరువుకు ఎంత పెట్రోలు పోసుకోవచ్చో, ఎంత దూరం పోవచ్చో లెక్క చెప్పాడు. కంభం చెరువు మీద తిరిగి రావచ్చన్నాడు. గిద్దలూరు దాటి నల్లమల అంచుదాకా పోవచ్చన్నాడు. ఆయన చెబుతుంటే నాకు మా చుట్టుపక్కల ఊళ్ళు మొదటిసారి అందంగా ఉంటాయేమో అనిపించింది.

షెడ్డు మీద చిన్న ప్యానెల్ పెట్టి, దూలం మీదుగా వైరు దింపి, మధ్యలో ఒక కంట్రోలర్ బిగించాను. అరచేయంత పెట్టె అది. ప్యానెల్ నుంచి వచ్చే కరెంటును బ్యాటరీకి కావలసినంతే పంపుతుంది, నిండగానే ఆపేస్తుంది. లిథియం బ్యాటరీకి ఇంకొక కట్టుబాటు ఉంది. బాగా వేడెక్కి ఉన్నప్పుడు దానికి చార్జింగు ఎక్కించకూడదు. అందుకని బ్యాటరీ ఒంటికి ఒక చిన్న వేడి చూసే తీగ ఆనించి కంట్రోలర్‌కు కలిపాను. వేడి హద్దు దాటితే పెట్టె ఆపేస్తుంది. చల్లబడితే మళ్ళీ మొదలుపెడుతుంది. ఆయన పక్కనే నిలబడి ప్రతి వైరూ చూశాడు. నేను టేపు చుట్టిన చోట్ల టేపు పీకేసి, తన సంచిలోంచి మైనం పూసిన దారం తీసి ముళ్ళు వేశాడు. విమానాల్లో వైర్లు అలాగే కడతారట. గొలుసుకుట్టు మాదిరి వరసగా ముళ్ళు. చాలా అందంగా ఉండేవి. నేర్పమంటే నవ్వాడు కానీ నేర్పలేదు.

ఆ చలికాలం మొత్తం నాకు తీరిక దొరికితే షెడ్డుకే పోయేదాన్ని. పెద్దమ్మ, అంటే ఆయన భార్య, క్యారియరులో జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల కారం తెచ్చేది. ఆమె మాటలు తక్కువ మనిషి. ఆయన నిచ్చెన ఎక్కితే కింద నిచ్చెన పట్టుకునేది, ఆయన చేయి చాపితే ఏ స్పానరు కావాలో అడక్కుండానే ఇచ్చేది. పనిలో ఇద్దరికీ కలిపి ఒకటే ఒళ్ళు అన్నట్టు ఉండేది.

నా జన్మలో మరిచిపోలేని పొద్దు ఒకటి ఉంది. షెడ్డు వెనకాల ఎండిపోయిన చెరువు ఉంది. నేల పలక మాదిరి బల్లపరుపు. ఆకాశంలో ఎగరడానికి అనుమతి కాగితాలు ఇంకా రాలేదు కాబట్టి ఆయన విమానాన్ని ఆ చెరువులో నేల మీదనే అటూ ఇటూ పరిగెత్తించేవాడు. ఆ రోజు పక్క సీట్లో నన్ను కూర్చోబెట్టుకున్నాడు. చుట్టూ తిరిగి అన్నీ తట్టి చూశాడు. బొత్తాం నన్నే నొక్కమన్నాడు. నేను బిగించిన సోలార్‌తో నిండిన బ్యాటరీ ఒక్క నొక్కుకు ఇంజనును తిప్పింది. పరిగెత్తాం. తుమ్మకంపలు, మేకలు, నోరు తెరిచి నిలబడిన మేకలాయన, అందరూ వెనక్కి పోయారు. ఒక్కసారిగా చక్రాల చప్పుడు ఆగిపోయింది.

"పెద్దనాయనా, చక్రాలు ఏమైనాయి?" అని అరిచాను.

"చక్రాలు ఉండాయి లేమ్మా. నేలే లేదు" అన్నాడు.

మనిషెత్తు లేచామో లేదో, మెల్లగా దింపేశాడు. దిగాక ఆయన నా తల మీద చేయిపెట్టి, "కాగితాలు వచ్చినంక మొట్టమొదట పైకి తీసకపోయేది నిన్నే. ఎవురడిగినా ఆ సీటు ఇయ్యను" అన్నాడు. ఆ మాట ఆయన నాకు చాలాసార్లు చెప్పాడు. నేను ప్రతిసారీ నమ్మాను. కన్నతండ్రి మీద లేనంత నమ్మకం ఆయన మీద పెట్టుకున్నానని ఇప్పుడు రాయడానికి నాకు సిగ్గు లేదు. మా నాయన నన్ను ఎప్పుడూ ఎక్కడికీ లేపలేదు, పాపం ఆయనకే ఫ్యాక్టరీ దుమ్ముకు ఊపిరాడేది కాదు.

ఎండాకాలం వచ్చింది. మార్కాపురం ఎండ తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు. రేకుల షెడ్డు పొయ్యి మీద పెనం అయింది. పెట్టె తన పని తాను చేసింది. పొద్దున కాసేపు చార్జింగు ఎక్కించి, వేడి పెరగగానే ఆపేసేది. ఆయనకు అది నచ్చలేదు.

"ఇంత ఎండ ఉంటే చార్జింగు ఆపేస్తాదేంది ఇది? వానకాలంలో ఎక్కిస్తాదా?"

"ఎండ ఎక్కువైనందుకే ఆపుతాంది పెద్దనాయనా. జొరమొచ్చినోనికి బిర్యానీ పెడతామా? చల్లబడితే అదే ఎక్కిచ్చుకుంటాది. నువ్వు ఊరికూరికే ఇంజను తిప్పి చూసుకోకు, అంతే."

ఆయన ఊరుకోలేదు. పట్నం నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడని, అతను తలుచుకుంటే అనుమతి కాగితాలు కదులుతాయని పెద్దనాయనకు ఆశ. ఆ వారమంతా రోజుకు పదిసార్లు ఇంజను తిప్పి చూసుకుని బ్యాటరీని పిండేశాడు. తీరా ఆ పెద్దమనిషి కారు దిగి చూస్తుంటే బొత్తాం నొక్కాడు, ఇంజను మూలిగి ఊరుకుంది. వచ్చినాయన మర్యాదస్తుడు. "పరవాలేదండీ, వచ్చే వారం ఇటే వస్తాను, అప్పుడు చూస్తాను" అని పోయాడు. పెద్దనాయన మొహం నల్లబడిపోయింది. ఇన్నేళ్ళలో ఇంజను తన మాట వినకపోవడం ఆయన చూడలేదట. నేను ధైర్యం చెప్పి, పుల్లలచెరువు వైపు ఒక పని ఉంటే పోయాను. నాలుగు రోజులు ఆయన ఇంజను ముట్టుకోకుండా ఉంటే బ్యాటరీ నిండిపోయేది.

మా వైపు రైతులకు ఒక అలవాటు ఉంది. బోరు మోటారుకు స్టార్టరు ఉంటుంది. కరెంటు తేడాగా వస్తే అది దానంతట అది పడిపోయి మోటారును ఆపేస్తుంది. నీళ్ళకు మొహం వాచిన రైతుకు అది తిక్క పుట్టిస్తుంది. అందుకని బొత్తాం నొక్కి, సందులో ఒక పలక ముక్క దోపుతాడు. పలకముక్కలకు మా దగ్గర కరువు లేదు. అప్పుడు స్టార్టరు పడదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, కాలిపోయేదాకా. మార్కాపురంలో మోటారు వైండింగు షాపులు సగం ఆ పలకముక్కల మీదే బతుకుతున్నాయి. ఎన్ని మోటార్లు కాలినా ఎవరూ ఆ అలవాటు మానరు. ఆపే వస్తువు ఏదైనా సరే, అది మన మీద పగబట్టిందనే మావాళ్ళు అనుకుంటారు.

ఆయన ఊళ్ళు తిరిగాడు, విమానాలు విప్పి బిగించాడు. అయినా మా ఊరివాడే. నేను లేనప్పుడు దూలం మీది వైరు కత్తిరించి, ఇంకొక ముక్క అతికించి, నా పెట్టెను పక్కకు తప్పించి, ప్యానెల్ నుంచి నేరుగా బ్యాటరీకి ఇచ్చేశాడు. ఎండ అంతా ఇక బ్యాటరీలోకే. వేడి చూసేది లేదు, నిండినాక ఆపేది లేదు.

అది ఉబ్బి, పొగలు కక్కి, మంట అయింది. రెక్కల గుడ్డకు మంట అంటుకుంటే ఇక చెప్పేదేముంది. ఆర్పడానికి పోయి ఆయన కుడిచేయి కాల్చుకున్నాడు. నేను తిరిగొచ్చేసరికి గొట్టాలు, మసిపట్టిన ఇంజను మిగిలాయి. ఆయన చేతికి కట్టుతో ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. నేను ఏడుస్తూనే లోపలికి పోయి చూశాను. గోడకు నా పెట్టె మసి అంటకుండా వేలాడుతోంది. దానికి పోవలసిన వైర్లు దానికి లేవు. పైన దూలం దగ్గర, మంట అందని చోట, అతుకు కనబడింది. దాని మీద మైనపు దారం, గొలుసుకుట్టు ముళ్ళు. ఆ ముడి వేసే మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు లేరు.

నేను చూడటం ఆయన చూశాడు. మెల్లగా లేచి వచ్చి, ఎడమ చేత్తో నా భుజం పట్టుకుని, "నేను చూసుకుంటాలే పాపా. నువ్వు ఎవురితో ఏం అనబాక" అన్నాడు. సరేనన్నాను. ఆయన ఉన్న దుఃఖంలో తప్పొప్పులు ఎంచడానికి నాకు మనసు రాలేదు. తనే అందరికీ చెబుతాడనుకున్నాను. ఆ మాటకు అర్థం అదే అనుకున్నాను.

ఆ ఆదివారం ఆయన చెప్పాడు. మా గుళ్ళో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం అని ఉంటుంది. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. చెప్పినవాళ్ళను ఎవరూ ప్రశ్నించరు, మధ్యలో మాట్లాడరు. చివర అందరూ స్తోత్రం అంటారు. ఆయన లేచాడు. కట్టుకట్టిన చేయి గుండెకు ఆనించుకున్నాడు.

"దేవునికి స్తోత్రం. అగ్గిలోనుంచి నన్ను బయటికి లాగినాడు. విమానం పోయింది, ప్రాణం మిగిల్చినాడు. అయితే ఒక మాట. మన బిడ్డే, ఆ సోలారు బిగించింది. చిన్నపిల్ల. తెలీక వైరు తప్పు కలిపింది. దాన్ని ఎవురూ ఏమీ అనొద్దండి. నేను ఆ బిడ్డను ఈ సంఘం ముందర హృదయపూర్వకంగా క్షమించినాను."

గుడి మొత్తం స్తోత్రం అంది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరుగారు నన్ను ముందుకు రమ్మన్నారు. ఎవరో వెనకనుంచి మెత్తగా తోశారు. నేను పోయి నిలబడితే ఆయన కట్టు ఉన్న చేయి నా తల మీద పెట్టాడు. కాలిన గాయం మందు వాసన వచ్చింది. పాస్టరుగారు నాకోసం పెద్ద ప్రార్థన చేశారు, నా చేతిపని దేవుడు సరిదిద్దాలని. ఏమనాలి? తిట్టి ఉంటే ఎదురు తిట్టేదాన్ని. దొంగ అన్నా కాదని అరిచేదాన్ని. క్షమించినాను అన్నవాడికి ఏం జవాబు చెప్పాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చి నాయనకు అంతా చెప్పాను. ఆయన నమ్మాడు. నమ్మి, చాలాసేపు దగ్గి, "ఊరుకో పాపా" అన్నాడు. "క్షమించినోని మీద పోట్లాటకు పోతే మనమే చెడ్డోళ్ళం అయితాం. ఆయన మాటకు ఉన్నంత బరువు మన మాటకు యాడుంది?"

ఊరుకున్నాను. పనులు కూడా ఊరుకున్నాయి. బడివాళ్ళు వచ్చే ఏడు చూద్దామన్నారు. రెండు గుళ్ళవాళ్ళు మార్కాపురం నుంచి వేరేవాళ్ళను పిలిపించుకున్నారు. మా గుడి మీద నేను పెట్టిన ప్యానెళ్ళను ఎవరినో తెచ్చి పరీక్ష చేయించారు. అవి బాగానే ఉన్నాయని తేలింది. అది దేవుడి కృప అన్నారు. ఆడపిల్ల నిచ్చెనెక్కితే ఇట్లనే అవుతుందని అప్పుడెప్పుడో సలహా చెప్పినవాళ్ళందరూ, ముందే చెప్పలేదా అన్నారు.

ఆయన మాత్రం నాతో ఇదివరకటికంటే ఆప్యాయంగా ఉన్నాడు. ఎదురైతే అందరి ముందరా దగ్గరికి తీసుకునేవాడు. అది చూసి జనం ఎంత గొప్ప మనసు అనేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది. ఒకనాడు ఇంటికే పోయి అడిగేశాను. అరుగు మీద కూర్చుని ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకుంటున్నాడు. పెద్దమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది.

"పెద్దనాయనా, వైరు ఎవురు కలిపినారు?"

ముద్ద పళ్ళెంలోనే పెట్టాడు.

"నీకు తెలుసు, నాకు తెలుసు. అది చాలదా పాపా?"

"చాలదు."

"నువ్వు చిన్నదానివి. ముందర బోలెడు బతుకుంది. పేరు పోతే మళ్ళా తెచ్చుకుంటావు. నాకు ఏముందమ్మా? విమానమాయన అనే ఒక్క మాట తప్ప? అది కూడా పోతే కూలికి పోయిన మా నాయన కొడుకునే గదా నేను. నిన్నేమన్నా తిట్టినానా? నలుగుర్లో క్షమించినా అని చెప్పినా. ఇంకెవుడన్నా అయితే కేసు పెట్టేటోడు."

చివరి మాట వినేసరికి నాకు ఒక విషయం అర్థమైంది. ఆయన నటించడం లేదు. నన్ను క్షమించాననే నమ్ముతున్నాడు. చెప్పీ చెప్పీ ఆయనకు అది నిజమైపోయింది. నేను తప్పు చేయలేదని ఆయనకు తెలుసు, అయినా నన్ను క్షమించినందుకు తనను తాను మెచ్చుకుంటున్నాడు. ఇలాంటిదాన్ని ఏ స్పానరు పెట్టి విప్పాలి? లేచి వచ్చేశాను. మళ్ళీ ఆ అరుగు ఎక్కలేదు. ఆ సాక్ష్యం వినని ఊళ్ళు వెతుక్కుంటూ గిద్దలూరు, అర్ధవీడు, పుల్లలచెరువు వైపు పనులు పట్టుకున్నాను. కొన్నేళ్ళపాటు పొద్దున్నే బస్సెక్కితే చీకటిపడ్డాకే ఇంటికొచ్చేదాన్ని. ఎక్కే ముందు టైర్లు చూడబోయి, నన్ను నేను తిట్టుకుని, చూడకుండా ఎక్కేదాన్ని.

ఆయన భూస్థాపనకు పోలేదు. తర్వాత ఆదరణ కూడికకు నాయన బలవంతం చేస్తే పోయాను. పోయినవాళ్ళ గురించి నలుగురూ మంచి మాటలు చెప్పి ఇంటివాళ్ళను ఓదార్చే కూడిక అది. ఒక్కొక్కరే లేచి ఆయన అడిగిన కిలోల సంగతి చెప్పి నవ్వించారు. బస్సు చుట్టూ తిరగడం చెప్పారు. అప్పుడు పాస్టరుగారు నా వైపు చూశారు.

"పెద్దాయన క్షమాగుణం గురించి ఈ బిడ్డకంటే బాగా ఎవరు చెప్పగలరు? రామ్మా, రెండు మాటలు."

లేచాను. ఈసారి చెప్పేద్దామనే లేచాను. అందరూ ఉన్నారు, ఇది నా సాక్ష్యం, మధ్యలో ఎవరూ ఆపరు. ముందు వరసలో చాప మీద పెద్దమ్మ కూర్చుని నన్నే చూస్తోంది. రెప్ప వేయడం లేదు. చిక్కిపోయి సగం మనిషి అయింది. ఆ చూపు చూసి, ఈ ముసలామెకు మొగుడి మంచిపేరు తప్ప ఇంకేం మిగిలిందిలే అనిపించింది. గొంతులోకి వచ్చిన మాట మింగేశాను. ఎండిన చెరువులో చక్రాలు నేల వదిలిన పొద్దున సంగతి చెప్పాను. నేలే లేదు అన్న ఆయన జవాబు చెప్పాను. అందరూ నవ్వారు, కొందరు ఏడ్చారు. స్తోత్రం అన్నారు. కూర్చున్నాను.

భోజనాల దగ్గర పెరట్లో పెద్దమ్మ నన్ను గోడ పక్కకు పిలిచింది. నా చేతికి పళ్ళెం ఇచ్చి, తనే అన్నం పెడుతూ, గొంతు తగ్గించి చెప్పింది.

"నువ్వు లేచినప్పుడు నాకు గుండె ఆగినంత పనైందమ్మా. యాడ అనేస్తావో అని. దేవుడు నీ నోరు కాసినాడు."

"ఏం అనేస్తానని పెద్దమ్మా?"

"ఆ వైరు మాట. ఆయన కలిపేటప్పుడు నిచ్చెన పట్టుకున్నది నేనే గదా. వద్దయ్యా, ఆ పిల్ల వచ్చినంక అడుగుదాం అంటే ఇనలా."

"మరి ఆ ఆదివారం గుళ్ళో నువ్వేం చేసినావు?"

"ఏం చేస్తా? అందరితోబాటు స్తోత్రం అన్నా."

"ఇప్పుడు చెప్తావా పెద్దమ్మా? అందరూ ఇంకా లోపలనే ఉండారు."

"పోయినోని మీదనా?" అంది ఆమె, పిచ్చిదాన్ని చూసినట్టు చూసి. "నువ్వు మంచిదానివమ్మా. ఓర్చుకున్నావు. ఇంకొంచెం కూర ఎయ్యనా?"

పళ్ళెం గోడ మీద పెట్టి వచ్చేశాను. నేను జాలిపడ్డది మొగుడి గురించి ఏమీ తెలియని ఒక ముసలామె మీద. ఆమె అన్నీ తెలిసి, నేను ఎక్కడ నోరు తెరుస్తానో అని కాపలా కాసింది. ఇన్నేళ్ళూ నాకు సాక్షి లేదనుకుని ఏడ్చాను. సాక్షి ఉంది. ప్రతి ఆదివారం నా ముందు వరసలోనే కూర్చుని పాటలు పాడింది. ఆయన చేసిన ద్రోహానికి కారణమైనా చెప్పాడు. ఈమె కూర వడ్డించింది.

నాయన ఇంకా ఊరుకో పాపా అంటున్నాడు. ఊరుకోను. సాక్ష్యం చెప్పేటప్పుడు ఎవరూ ఎదురు మాట్లాడకూడదు కదా, ఇది నా సాక్ష్యం. పెద్దనాయనా, ఈ చుట్టుపక్కల నేను బిగించిన ప్యానెల్ ఒక్కటీ కాలలేదు. నీ విమానం కాలింది నా చేతిపని వల్ల కాదు. నువ్వు నన్ను క్షమించినావు, నేను నిన్ను క్షమించలేదు. ఆ వైరు నువ్వు కలిపినావు. పెద్దమ్మ నిచ్చెన పట్టుకుంది.